ఎడారి కోటల దారిలో: కారులో రాజస్థాన్ చూడాలనుకునేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

థార్ ఎడారిలోని బికనేర్, జైసల్మేర్, జోధ్‌పూర్ ఊళ్లను రోడ్డు మీద తిరిగి చూడాలనుకునే తెలుగువాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్నలు ఇవి. జైపూర్ ఎడారి నగరం కాదు కానీ చాలామంది ప్రయాణం అక్కడే మొదలవుతుంది, కాబట్టి దాన్నీ కలిపాం. దాదాపు ప్రతి జవాబులోనూ మేం చెప్పేది ఒకటే: ఊళ్లు తగ్గించండి, ఒక్కో ఊళ్లో ఉండే సమయం పెంచండి.

మొత్తం ఎన్ని రోజులు పెట్టుకోవాలి?

జైపూర్‌తో కలిపి అయితే తొమ్మిది పది రాత్రులు. జైపూర్ వదిలేసి జోధ్‌పూర్, జైసల్మేర్, బికనేర్ మాత్రమే అయితే ఆరు రాత్రుల్లో బాగానే చూడొచ్చు. అంత సెలవు కూడా దొరకకపోతే బికనేర్‌ని మరోసారికి ఉంచుకుని మిగిలిన రెండు ఊళ్లకే వెళ్లండి. ఐదు రోజుల్లో ఏడు ఊళ్లు చూపిస్తామనే ప్యాకేజీల జోలికి వెళ్లొద్దు. వాటిలో పగలంతా కారులోనే గడిచిపోతుంది. కోట దగ్గర దిగడం, ఫోటోలు తీసుకోవడం, మళ్లీ ఎక్కడం, అంతే. ఈ ఊళ్ల అందమంతా పొద్దున ఎండ ముదరకముందు, సాయంత్రం ఎండ తగ్గాక కనిపిస్తుంది. సరిగ్గా ఆ రెండు పూటలూ ఆ ప్యాకేజీ బండి హైవే మీద ఉంటుంది.

ఏ దారిన వెళ్తే మంచిది?

జైపూర్‌లో దిగి, షెఖావాటీ ప్రాంతం మీదుగా బికనేర్, అక్కడి నుంచి జైసల్మేర్, ఆపైన జోధ్‌పూర్. చివర్లో జోధ్‌పూర్ నుంచే తిరుగు ప్రయాణం పట్టుకుంటే వెళ్లిన దారినే వెనక్కి రావాల్సిన పని ఉండదు. జైపూర్ నుంచి బికనేర్ సుమారు 330 కిలోమీటర్లు, బికనేర్ నుంచి జైసల్మేర్‌కి కూడా దాదాపు అంతే. జైసల్మేర్ నుంచి జోధ్‌పూర్ 280 దాకా ఉంటుంది.

షెఖావాటీని చాలామంది దాటేసి పోతారు. అలా చేయకండి. మండావా, నవల్‌గఢ్, ఫతేపూర్ ఊళ్లలో మార్వాడీ వ్యాపారులు కట్టించుకున్న హవేలీల గోడల నిండా బొమ్మలే. కృష్ణలీలల పక్కనే రైలుబండి, మోటారు కారు, టోపీ పెట్టుకున్న దొరలు. కలకత్తా, బొంబాయిల్లో సంపాదించిన డబ్బు సొంతూరి గోడల మీద రంగులుగా మారింది. యజమానులు ఊళ్లు వదిలి వెళ్లడంతో చాలా హవేలీలు తాళాలు పడి పాడవుతున్నాయి. నవల్‌గఢ్‌లోని పోద్దార్ హవేలీని మాత్రం మ్యూజియంగా మార్చి బాగా చూసుకుంటున్నారు. మండావాలో ఒక రాత్రి ఆగితే బికనేర్ ప్రయాణం కూడా తేలికవుతుంది.

ఏ నెలల్లో వెళ్లాలి?

అక్టోబరు చివరి నుంచి మార్చి మొదటి వారం దాకా. డిసెంబరు, జనవరి రాత్రుల్లో చలి గట్టిగా ఉంటుంది. ఎడారి కదా అని స్వెట్టర్ లేకుండా వెళ్లేవారు చాలామందే ఉన్నారు, పిల్లలకి మంకీ క్యాప్ కూడా తీసుకెళ్లండి. ఏప్రిల్ తర్వాత వెళ్లొద్దు. బికనేర్-జైసల్మేర్ దారిలోనే ఉన్న ఫలోదీలో 2016 మే 19న 51 డిగ్రీలు నమోదైంది. రామగుండం ఎండలకి అలవాటు పడ్డవాళ్లకి కూడా అది తట్టుకోగలిగే వేడి కాదు. పైగా ఆ రోజుల్లో ఇసుక గాలులు లేస్తే రోడ్డు కనపడదు.

హైదరాబాద్ నుంచి సొంత కారులో వెళ్లొచ్చా?

వెళ్లొచ్చు, కానీ జైపూర్ దాకానే దాదాపు 1,500 కిలోమీటర్లు. రానూపోనూ కలిపి అయిదారు రోజులు దారికే పోతాయి. నెల రోజుల సెలవు ఉండి, మధ్యలో ఇండోర్, కోటా, చిత్తోడ్‌గఢ్ కూడా చూడాలనుకుంటే సొంత కారు మంచిదే. లేకపోతే జైపూర్‌కి నేరుగా విమానంలో వెళ్లి అక్కడ ట్యాక్సీ మాట్లాడుకోవడం నయం. రైలంటే ఇష్టమైనవారికి కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి ఎక్స్‌ప్రెస్ ఉంది. అప్పుడు యాత్రను జోధ్‌పూర్ వైపు నుంచి మొదలుపెట్టాలి.

ట్యాక్సీ మాట్లాడుకునేటప్పుడు ఏం అడగాలి?

అక్కడ సాధారణంగా కిలోమీటరు లెక్కన, రోజుకి కనీసం 250 కిలోమీటర్ల చొప్పున తీసుకుంటారు. ఊళ్లోనే తిరిగిన రోజుకి కూడా ఆ 250కి డబ్బులు కట్టాల్సిందే. మీరు జోధ్‌పూర్‌లో దిగిపోయినా బండి జైపూర్‌కి తిరిగి వెళ్లే దూరం మీ లెక్కలోకే వస్తుంది. టోల్, పార్కింగ్, డ్రైవర్ బత్తా విడిగా ఉంటాయా, కలిపే చెప్పారా అన్నది ముందే వాట్సాప్‌లో రాయించుకోండి. డ్రైవర్ రాత్రి ఎక్కడ పడుకుంటాడో కూడా అడగండి. కొన్ని హోటళ్లలో వాళ్లకి గది ఉంటుంది, లేనిచోట చలిలో కారులోనే పడుకుంటారు. పొద్దున మిమ్మల్ని మూడొందల కిలోమీటర్లు తీసుకెళ్లాల్సిన మనిషికి నిద్ర లేకపోతే అది మీ ప్రాణాలకే ముప్పు.

రోడ్లు ఎలా ఉంటాయి? రాత్రిపూట నడపొచ్చా?

రోడ్లు చాలా బాగుంటాయి. తిన్నగా, ఖాళీగా ఉంటాయి, స్పీడు పెరిగినట్టే తెలియదు. అసలు ప్రమాదం అదే. ఆవులు, ఒంటెలు, నీల్‌గాయ్‌లు ఉన్నట్టుండి అడ్డం వస్తాయి. ఒంటె కాళ్లు పొడవు, గుద్దితే దాని ఒళ్లు నేరుగా అద్దం మీదకి వస్తుంది. చీకటి పడ్డాక హైవే ఎక్కకండి. డిసెంబరు, జనవరిలో పొద్దున పొగమంచు ఉంటే అది విడిచేదాకా ఆగండి. జైసల్మేర్ దాటి సరిహద్దు వైపు వెళ్లేటప్పుడు ట్యాంకు నింపుకునే బయల్దేరండి.

కోటలన్నీ ఒకేలా ఉంటాయి కదా, ఒకటి చూస్తే చాలదా?

ఈ ప్రశ్న ఎక్కువగా వచ్చేది ఒకే రోజు రెండు కోటలు చూసినవాళ్ల నుంచి. వరసగా చూస్తే నిజంగానే ఒకేలా అనిపిస్తాయి. విడిగా చూస్తే ఒకదానికీ మరొకదానికీ పోలికే ఉండదు.

జైపూర్ పక్కనున్న ఆమేర్ కోట కొండవాలు మీద కట్టిన రాజభవనం. 1592లో రాజా మాన్‌సింగ్ మొదలుపెట్టాడు. మొఘలులతో చెలిమి, చుట్టరికం ఉన్న ఇంటి వైభవం దాని అద్దాల మందిరంలో కనిపిస్తుంది. బికనేర్‌లోని జునాగఢ్ ఏ కొండా లేని చదును నేల మీద ఉంది. అక్బరు దగ్గర సేనానిగా పనిచేసిన రాయ్‌సింగ్ దాన్ని 1589 నుంచి 1594 మధ్య కట్టించాడు. జోధ్‌పూర్‌లోని మెహ్రాన్‌గఢ్ రాతిగుట్ట మీద నిటారుగా నిలబడి ఉంటుంది, కింద నిలబడి తల ఎత్తి చూస్తే గుట్ట ఎక్కడ అయిపోయిందో గోడ ఎక్కడ మొదలైందో తెలియదు. జైసల్మేర్ వీటన్నిటికన్నా పాతది. 1156లో భాటీ రాజపుత్రుడు రావల్ జైసల్ పునాది వేసిన ఊరు. ఆ కోట లోపల ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. గోల్కొండ కోట గోడల నడుమ ఇళ్లూ బజార్లూ చూసినవారికి ఈ సంగతి వెంటనే అర్థమవుతుంది. ఇక్కడ పసుపు రాతి సందుల్లో బట్టలు ఆరేసి ఉంటాయి, పిల్లలు బడికి వెళ్తుంటారు, పన్నెండు నుంచి పదిహేనో శతాబ్దం దాకా కట్టిన జైన మందిరాల్లో రోజూ పూజలు జరుగుతాయి.

ఇంత ఇసుకలో ఇంత డబ్బు ఎక్కడి నుంచి వచ్చింది?

దారుల నుంచి. సింధు, మధ్య ఆసియా వైపు వెళ్లే ఒంటెల బిడారులు జైసల్మేర్ మీదుగానే పోయేవి. పట్టు, నల్లమందు, సుగంధ ద్రవ్యాలు, గుర్రాలు, అన్నింటి మీదా సుంకం వసూలయ్యేది. పట్వా కుటుంబం పందొమ్మిదో శతాబ్దంలో కట్టించిన ఐదు హవేలీలు ఆ వ్యాపారం మిగిల్చినవే. బొంబాయి రేవు పెరిగి సరుకు ఓడల్లో వెళ్లడం మొదలయ్యాక ఊరు నీరసించింది. 1947లో దేశ విభజనతో పాత దారి పూర్తిగా మూసుకుపోయింది. కట్టడాలు చెడకుండా నిలబడటానికి ఆ పేదరికం కూడా ఒక కారణం: పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేకపోయింది.

జైసల్మేర్ కోట లోపల గది తీసుకోవచ్చా?

వద్దని మా గట్టి అభిప్రాయం. ఈ కోట గట్టి రాతి గుట్ట మీద లేదు. కింద మెత్తటి మట్టి పొరలు ఉన్నాయి. ఒకప్పుడు ఆడవాళ్లు గడీసర్ చెరువు నుంచి కుండలతో నీళ్లు మోసుకొచ్చేవారు. ఇంటికి అన్ని కుండలే వచ్చేవి, అన్ని నీళ్లే ఖర్చయ్యేవి. కుళాయిలు వచ్చాక, హోటళ్లు పెరిగాక ఆ నీరంతా కింది మట్టిలోకి ఇంకుతోంది. 1990ల్లో కొన్ని బురుజులు కూలిపోయాయి. 1996లో ప్రపంచంలో ఆపదలో ఉన్న కట్టడాల జాబితాలోకి ఈ కోట ఎక్కింది. కోటలో గది తీసుకున్న ప్రతి అతిథీ స్నానాల గదిలో వాడే నీళ్లు ఆ గోడల కిందకే చేరతాయి. కోట కింద ఊళ్లో గది తీసుకుంటే కిటికీ తెరవగానే కోట మొత్తం కనిపిస్తుంది కూడా.

లోపలికి వెళ్లి గంటల తరబడి తిరగండి, టీ తాగండి, అక్కడివాళ్ల దగ్గర వస్తువులు కొనండి. రాత్రికి మాత్రం కిందికి వచ్చేయండి.

ఎడారిలో ఈ ఊళ్లకి నీళ్లు ఎక్కడివి?

యాత్ర మొత్తం మీద మనసులో పెట్టుకోవాల్సిన ప్రశ్న ఇది. కోటను చూసే ముందు దాని చెరువును చూడండి. జైసల్మేర్‌కి గడీసర్ ఎలాగో, మెహ్రాన్‌గఢ్ కింద రాణీసర్, పదమ్‌సర్ చెరువులు అలాగ. జైపూర్‌లో ఆమేర్ పైనున్న జైగఢ్ కోటలో కొండల మీద పడ్డ వాన నీటిని కాలువలతో మళ్లించి పెద్ద ట్యాంకుల్లో నింపుకునేవారు. జోధ్‌పూర్ పాత ఊళ్లో తూర్జీ కా ఝాల్రా అనే దిగుడు బావి ఉంది. 1740లలో ఒక రాణి తవ్వించింది. ఏళ్ల తరబడి చెత్తతో, మురికి నీళ్లతో నిండిపోయి ఉంటే శుభ్రం చేసి మళ్లీ వెలుగులోకి తెచ్చారు. సికింద్రాబాద్ బన్సీలాల్‌పేట బావిని బాగుచేశాక చూసినవారికి ఆ సంతోషం తెలుస్తుంది. పల్లెల్లో ఇంటి ముందు నేలలో గుండ్రంగా తవ్విన తాంకాలు, అంటే వాన నీళ్లు దాచుకునే తొట్లు, కనిపిస్తాయి. నాలుగు వానలకి చేరిన నీళ్లే ఏడాదంతా తాగాలి.

బికనేర్ జునాగఢ్‌లో బాదల్ మహల్ అనే గది ఉంది. గోడల నిండా నీలి మబ్బులు, మెరుపులు, వాన ధారలు చిత్రించారు. అరుదుగా వాన పడే ఊళ్లో రాజు గదిలో కూడా కోరుకున్నది వాననే.

బికనేర్‌కి అంత దూరం వెళ్లడం అవసరమా?

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా అవసరం. బికనేర్ రాజు అనూప్‌సింగ్ ఔరంగజేబు సేనానిగా దక్కన్‌లో ఏళ్ల తరబడి గడిపాడు. 1687లో గోల్కొండ పతనమైన యుద్ధంలో ఆయనా ఉన్నాడు. తర్వాత ఆదోని బాధ్యతలు చూశాడు, 1698లో ఆదోనిలోనే కన్నుమూశాడు. యుద్ధంలో ఆ వైపు నిలిచిన మనిషే దక్షిణాది నుంచి సంస్కృత తాళపత్ర గ్రంథాలు, చేతిరాత ప్రతులు సేకరించి భద్రంగా ఎడారికి చేర్చాడు. అవి ఆయన పేరుతోనే ఉన్న అనూప్ సంస్కృత గ్రంథాలయంలో ఉన్నాయి. దక్కన్ యుద్ధాల్లో పాడైపోకుండా ఆయన తెచ్చిన దేవతా విగ్రహాలని జునాగఢ్‌లోని ముప్పైమూడు కోట్ల దేవతల గుడిలో ఉంచారని చెబుతారు. ఆయన పేరు మీద ఉన్న అనూప్ మహల్‌లో బంగారు రేకుల పనితనం చూస్తుంటే, ఇక్కడి నుంచి ఆదోని దాకా గుర్రం మీద ఎన్ని నెలలు పట్టి ఉంటుందోననే ఆలోచన మనని వదలదు.

ఊరికి 30 కిలోమీటర్ల దూరంలో దేశ్‌నోక్‌లో కర్ణీమాత గుడి ఉంది. వేల ఎలుకలు గుడంతా తిరుగుతుంటాయి, భక్తులు వాటిని కాబాలు అంటారు. చెప్పులు విప్పే వెళ్లాలి కాబట్టి పాత సాక్సులు ఒక జత వెంట ఉంచుకోండి. ఎలుకలంటే పడనివాళ్లు బయటే ఆగి పాలరాతి వాకిలి చూడొచ్చు. వాళ్లని బలవంతంగా లోపలికి లాక్కెళ్లకండి.

మెహ్రాన్‌గఢ్‌కి ఎంత సమయం కావాలి?

కనీసం నాలుగు గంటలు. 1459లో రావ్ జోధా మొదలుపెట్టిన కోట ఇది. ఆడియో గైడ్ తీసుకోండి, మేం విన్నవాటిలో ఇది చాలా మంచిది. తెలుగులో లేదు, హిందీలోనో ఇంగ్లీషులోనో వినాలి. తోపు గుండ్లు తగిలిన మచ్చలు, లోహాపోల్ ద్వారం పక్కన సతీసహగమనం చేసిన రాణుల చేతి ముద్రలు దారిలోనే కనిపిస్తాయి. ఆ చేతి ముద్రల ముందు నవ్వుతూ సెల్ఫీలు దిగడం చూస్తే బాధేస్తుంది.

అంతకన్నా తక్కువమంది ఆగి చదివే కథ ఇంకొకటి ఉంది. కోట నిలవాలంటే ఒక మనిషి ప్రాణం ఇవ్వాలన్నారని, రాజారామ్ మేఘ్‌వాల్ అనే ఆయన్ని పునాదిలో సజీవంగా పూడ్చారని కోట చరిత్రే చెబుతుంది. మేఘ్‌వాల్‌లు దళితులు. ఇంత పెద్ద కోట చూసి ఆశ్చర్యపోయేటప్పుడు ఆ పేరు కూడా పిల్లలకి చెప్పాలి.

దసరా నవరాత్రుల్లో కోటలోని చాముండా గుడికి విపరీతమైన రద్దీ ఉంటుంది. 2008 సెప్టెంబరు 30న అక్కడ తొక్కిసలాటలో 200 మందికి పైగా చనిపోయారు. చంటిపిల్లలతో ఆ రోజుల్లో వెళ్లొద్దు.

రాజభవనం హోటల్లో ఉండటానికి చాలా ఖర్చవుతుందా?

పెద్ద పేరున్నవాటిలో అవును. జోధ్‌పూర్ ఉమైద్ భవన్‌లో గది అద్దె మామూలు కుటుంబాలకి అందేది కాదు. కానీ అందులో ఒక భాగం మ్యూజియం, టికెట్ కొని చూడొచ్చు. కరువు రోజుల్లో జనానికి పని కల్పించడానికి 1929లో మొదలుపెట్టి 1943 దాకా కట్టిన భవనం అది. మండావా, బికనేర్, జైసల్మేర్‌లలో పాత హవేలీలనే చిన్న హోటళ్లుగా నడిపే కుటుంబాలు ఉన్నాయి. ఆ గదుల ధరలు మన దగ్గరి మంచి హోటల్ ధరలకి దగ్గరగానే ఉంటాయి. మెట్లు ఎత్తుగా, గుమ్మాలు పొట్టిగా ఉంటాయి, మోకాళ్ల నొప్పులున్నవారికి కింది గది అడగండి.

పెద్దవాళ్లు ఈ కోటలు ఎక్కగలరా?

జునాగఢ్ చదును నేల మీద ఉంది కాబట్టి అన్నిటికన్నా తేలిక. మెహ్రాన్‌గఢ్‌లో లిఫ్ట్ ఉంది. ఆమేర్‌కి జీపులు పైదాకా వెళ్తాయి. ఏనుగు సవారీ మాత్రం వద్దు, ఎండలో రాళ్ల దారిలో ఆ ఏనుగులు పడే కష్టం కళ్లతో చూస్తే మీరే ఎక్కరు. జైసల్మేర్‌లో నాలుగు ద్వారాలు దాటుతూ ఏటవాలుగా ఎక్కాలి, రాళ్లు నున్నగా అరిగిపోయి జారతాయి. రబ్బరు అడుగున్న బూట్లు వేయించండి.

ఇసుక తిన్నెలకి సమ్ వెళ్లాలా, ఖూరీ వెళ్లాలా?

రెండూ జైసల్మేర్ నుంచి నలభై నలభై అయిదు కిలోమీటర్లే. సమ్‌లో తిన్నెలు పెద్దవి, జనం కూడా ఎక్కువ. సాయంత్రం అయ్యేసరికి క్యాంపుల్లో డీజే పాటలు మోగిపోతాయి. ఖూరీ ప్రశాంతంగా ఉంటుంది, మా ఓటు దానికే. క్యాంపు ఎంచుకునేటప్పుడు మాంగణియార్ కళాకారుల పాట ఉంటుందా అని అడగండి. వంశపారంపర్యంగా పాడే ముస్లిం కుటుంబాలు వాళ్లవి. తరాలుగా హిందూ యజమానుల ఇళ్లలో పెళ్లికీ పురుడుకీ వాళ్లే పాడతారు. కమాయిచా అనే వాద్యం తీగల మీద విల్లు పడ్డాక ఇక ఫోన్ పక్కన పెట్టేయండి. పాట అయ్యాక వాళ్ల చేతికే డబ్బులివ్వండి.

తనోత్, లోంగేవాలా దాకా వెళ్లొచ్చా?

ఒక పూర్తి రోజు ఉంటే వెళ్లండి. తనోత్ మాత గుడి జైసల్మేర్ నుంచి సుమారు 120 కిలోమీటర్లు. గుడి బాధ్యత సరిహద్దు భద్రతా దళం చూస్తుంది. 1971 డిసెంబరులో పాకిస్తాన్ ట్యాంకులని అడ్డుకున్న చోటు లోంగేవాలా. ఆధార్ అసలు కార్డు దగ్గర ఉంచుకోండి. ఉద్రిక్తత ఉన్న రోజుల్లో దారి మూసేస్తారు, ముందురోజు హోటల్లో కనుక్కోండి.

తిండి సంగతి ఏమిటి? అన్నం దొరుకుతుందా?

జీరా రైస్ దొరుకుతుంది, అంతకు మించి ఆశ పెట్టుకోకండి. ఆవకాయ సీసా తీసుకెళ్తే ఎవరూ కాదనరు. కానీ అక్కడి తిండిని తిండిగా చూడండి. నీళ్లు, పచ్చికూరలు లేనిచోట పుట్టిన వంట అది. శనగపిండితో గట్టే కూర, మజ్జిగతో కఢీ, ఎండబెట్టి దాచుకున్న కేర్, సాంగ్రీ కాయలతో కూర, సజ్జ రొట్టె మీద నెయ్యి. మన సజ్జ రొట్టె తిన్నవారికి కొత్తేమీ ఉండదు. జోధ్‌పూర్‌లో మిర్చీ వడ, మావా కచోరీ, మఖనియా లస్సీ, బికనేర్‌లో భుజియా తినకుండా రాకండి. మాంసం తినేవాళ్లు లాల్ మాస్ అడగండి, గుంటూరు నాలుకకి కూడా ఆ కారం తెలుస్తుంది.

షాపింగ్‌లో మోసపోకుండా ఉండాలంటే?

డ్రైవరో గైడో తీసుకెళ్లిన ఎంపోరియంలో కొనకండి, వాళ్ల కమిషన్ ధరలోనే కలిసి ఉంటుంది. బజారులో మీరే నడుచుకుంటూ వెళ్లి, మూడు దుకాణాలు చూసి కొనండి. గుర్తింపు కార్డున్న గైడ్‌నే మాట్లాడుకుని, కోట వరకే అని ముందే చెప్పండి.

దారిలో కిటికీలోంచి ఏం చూడాలి?

చెట్లు. పొలాల మధ్య ఒంటరిగా నిలబడి కనిపించేది ఖేజ్‌డీ, అంటే మన జమ్మి చెట్టే. తెలంగాణకీ రాజస్థాన్‌కీ ఇదే రాష్ట్ర వృక్షం. మనం దసరా రోజు ఆకు పంచుకుంటాం, వాళ్లు ఏడాదంతా దాని కాయలే కూరగా వండుకుంటారు. ఆ సాంగ్రీ దీనిదే.

ఇక పిట్టలు. బట్టమేక పిట్టని చూడటానికి ఒకప్పుడు కర్నూలు వైపు రోళ్లపాడుకి వెళ్లేవారు. ఇప్పుడు ఆ పక్షికి చివరి పెద్ద ఆశ్రయం జైసల్మేర్ చుట్టుపక్కల గడ్డి భూములే. మొత్తం మీద 200 కూడా మిగల్లేదు. కరెంటు తీగలకి తగిలి చనిపోతున్నాయి. ఎడారి జాతీయ పార్కులో అటవీ శాఖ చెప్పిన దారి దాటి జీపు పోనివ్వకండి, డ్రైవర్ దగ్గరగా చూపిస్తానన్నా సరే.

జోధ్‌పూర్‌లో ఒక రోజు మిగిలితే ఎక్కడికి వెళ్లాలి?

గుళ్లంటే ఇష్టమైతే 65 కిలోమీటర్ల దూరంలోని ఓసియాఁ. ఎనిమిదో శతాబ్దం నుంచి కట్టిన హిందూ, జైన మందిరాలు అక్కడ ఉన్నాయి. మేమైతే ఖేజ్‌డలీ వెళ్లమంటాం. జోధ్‌పూర్ నుంచి గంటలోపే చేరతారు. 1730లో రాజుగారి కొత్త భవనానికి సున్నం కాల్చడానికి కట్టెలు కావాలని సైనికులు ఆ ఊరి జమ్మి చెట్లు కొట్టబోతే, చెట్లనీ జంతువులనీ కాపాడటం ధర్మంగా భావించే బిష్ణోయ్ సమాజానికి చెందిన అమృతాదేవి అనే స్త్రీ చెట్టుని కౌగిలించుకుని అడ్డం నిలిచింది. ఆమెతో మొదలై 363 మంది ప్రాణాలిచ్చారు. అక్కడ స్మారకం, చిన్న గుడి, చుట్టూ జమ్మి చెట్లు ఉన్నాయి. టికెట్ లేదు, గైడ్ అక్కర్లేదు. రాజభవనాలు చూసిన తర్వాత వెళ్తేనే మంచిది.